ఆ బంతి నారు ఇంకో రెండు వారాలు ఆగనీ

ఇదిగో అమ్మాయ్, నిన్నే! ఆ బంతి నారు అప్పుడే మట్టిలో పెట్టేస్తున్నావేంటి? ఆగాగు. ఆ చిన్న పార కింద పడేసి ఓసారి ఇలా కంచె దగ్గరకి రా. కాఫీ తాగావా? ఇదిగో ఫ్లాస్కులో ఉంది, గ్లాసు అందుకో.

ఎండ చూసి మోసపోతున్నావు నువ్వు. ఇవాళ 75 ఫారెన్‌హీట్ ఉందని, షాపువాళ్ళు నారు ట్రేలు బయట పరిచారని, ఇక వేసవి వచ్చేసిందనుకున్నావు. షాపువాడికేం, సరుకు కదిలితే చాలు. ఓ రాత్రి మంచు కొట్టి నీ నారు నల్లబడిపోతే మళ్ళీ కొనుక్కోడానికి వాడి దగ్గరకే పోతావు కదా! ఈ జంటనగరాల్లో, మినియాపొలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల, మే మొదట్లో రాత్రిళ్ళు ముప్పైల్లోకి జారిపోవడం మామూలే. ఇక్కడి పాతకాపులు మదర్స్ డే దాటేదాకా నారు ముట్టుకోరు. బంతి, సీతజడ, మిరప, వంగ లాంటి వేడి సరుకైతే మెమోరియల్ డే దాకా ఆగినా నష్టం లేదంటారు.

గాలి వేడెక్కినంత తొందరగా నేల వేడెక్కదమ్మా. మూడడుగుల పైన గడ్డకట్టి ఇప్పుడిప్పుడే కళ్ళు తెరుస్తున్న నేల ఇది. ఇళ్ళ పునాదులు 42 అంగుళాల లోతుకి దించాలని ఇక్కడ రూలు పెట్టింది ఊరికే కాదు. కావాలంటే వేలు పెట్టి చూడు, రెండు కణుపులు దిగేసరికి జివ్వుమంటుంది. ఆ మట్టిలో బంతి వేరు కదలదు, అలా కూర్చుని ఆకులు పండబారుస్తుంది. నెలాఖరున నేను పెట్టే మొక్క నీదాన్ని దాటేసి పోతుంది, కావాలంటే పందెం.

ఈలోపు ట్రేలు పారెయ్యమని కాదు. పగలు బయట పెట్టు. మొదట్లో నీడలో, తర్వాత గంటా రెండు గంటలు ఎండలో, అలా పెంచుకుంటూ వారం పది రోజులకి రోజంతా ఉంచు. గ్రీన్‌హౌస్‌లో పెరిగిన పిల్లలవి. ఒక్కసారిగా ఎండా గాలీ తగిలితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. రాత్రికి మాత్రం గరాజులోకి తెచ్చెయ్యి.

నీ తహతహ నాకు తెలుసులే. మాది కడియం పక్కన. నర్సరీల మధ్య పుట్టి పెరిగినదాన్ని, మా కాలవగట్టున కర్ర పాతినా చిగురేసేది. అలాంటి చోటునుంచి వచ్చి ఇక్కడ ఆర్నెల్లు మోడు చూస్తూ కూర్చోడమంటే ఎవరికి చేతనవుతుంది? నువ్వు డాలస్‌లో మొక్కల్ని ఎండ నుంచి కాపాడుకుని ఉంటావు. ఇక్కడ మాత్రం క్యాలెండరు చూసి బతికించుకోవాలి. ఎక్కడ చూసినా చలికి పోయింది, చలికి పోయింది అంటారు గానీ, నన్నడిగితే చలికి పోయేవాటికంటే మన తొందరకి, చీకటికి, ఎక్కువ నీళ్ళకి పోయేవే ఎక్కువ.

ఫోనులో చూస్తే మనది జోన్ 5ఎ అని చూపిస్తోందా? చూపిస్తుంది. 2012 పటంలో 4బి ఉండేది, 2023లో వ్యవసాయ శాఖ కొత్త పటం వేసి మనని ఓ మెట్టు ఎక్కించింది. అంటే ఏడాది మొత్తమ్మీద అతి చల్లటి రాత్రి సగటున మైనస్ 20కీ మైనస్ 15కీ మధ్య ఉంటుందని, ఫారెన్‌హీట్‌లో. మన సెల్సియస్ లెక్కలో మైనస్ 29 నుంచి మైనస్ 26. సగటు సుమా! 2019 జనవరి చివర్లో మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్‌కి దిగింది. అలాంటి రాత్రి ఒక్కటి చాలు. అందుకని చీటీ మీద జోన్ 5 అని రాసున్న మొక్కకి డబ్బు తగలెయ్యకు, 4 అని ఉన్నదే కొను. అది కూడా నేలలో పెట్టేట్టయితేనే. కుండీలో వేరుకి నాలుగువైపులా చలే కాబట్టి, బయట వదిలేసే కుండీకి ఇంకో రెండు మెట్లు దించుకుని లెక్కేసుకోవాలి.

మంచు చూసి భయపడతావు గానీ, మొక్కలకి మంచు మేలే చేస్తుంది. డిసెంబరులో అడుగు మంచు పడి మార్చిదాకా కదలకుండా ఉంటే కింద వేళ్ళు సుఖంగా పడుకుంటాయి. మంచు పడకుండా వట్టి చలి వచ్చినప్పుడు చూడాలి వాటి పాట్లు. మార్చిలో పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోజులు ఇంకా పాడు, నేల ఉబ్బి ఉబ్బి వేళ్ళని పైకి నెట్టేస్తుంది. అందుకే నవంబరులో రాలిన ఆకులన్నీ ఊడ్చి సంచుల్లో కట్టి రోడ్డు మీద పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. బంగారంలాంటి ఆకులు! మొక్కల మొదట్లో జానెడు ఎత్తున కప్పితే ఎంత కాపు!

అదేంటి, ఆ మెట్టు మీద కుండీలో మల్లా? డాలస్ నుంచి కార్లో తెచ్చావా! పదిహేను గంటల దారి పొడవునా ఒళ్ళో పెట్టుకునే? సరే, ఇటు అందించు చూద్దాం. అయ్యో రాత! ఇదిగో, ఈ ఆకు తిప్పి చూడు. ఈనె పక్కన గోధుమరంగు చుక్కలు కదుల్తున్నాయా? ఈ కణుపులో సాలీడు గూడులా సన్నటి దారం కూడా ఉంది. ఎర్రనల్లి. చలికాలమంతా ఫర్నేసు వేడిగాలికి ఇల్లు ఎండిపోయి ఉంటుంది కదా, దానికి అంతకంటే పండగ ఉండదు. వారానికోసారి స్నానాల గదిలోకి తీసుకెళ్ళి షవరు కింద పెట్టి, ఆకు కిందవైపు బాగా తగిలేలా కడిగేసెయ్. అదే మందు. అదికాక నువ్వు నీళ్ళు కూడా తెగ పోసినట్టున్నావు, మట్టి పాచి వాసనొస్తోంది.

ఆకులు రాల్తుంటే దాహమేమో అనుకున్నానంటావా? అందరూ అక్కడే పడతారు. ఇంట్లోకి తెచ్చిన మల్లె ఆకు రాల్చడం సహజం. బయటి వెలుతురెక్కడ, కిటికీ వెలుతురెక్కడ! ఇక్కడ డిసెంబరులో పగలంటే తొమ్మిది గంటలు కూడా ఉండదు. ఆ వెలుతురుకి అది పెరగదు, పెరగనప్పుడు తాగదు. పైమట్టి ఎండాక పోస్తే చాలు, ఎరువు పేరే ఎత్తకు. దక్షిణం కిటికీ దగ్గర పెట్టి, పైన ఒక ఎల్‌ఈడీ దీపం పన్నెండు, పద్నాలుగు గంటలు వెలిగేలా టైమరు బిగించుకో. మన మైలవరం వైపు మల్లెతోటల వాళ్ళు కూడా చలికాలంలో తోటకి నీళ్ళు ఆపి ఎండగట్టి, ఆపైన ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, అప్పుడు నీళ్ళిస్తారు. వేసవి మొగ్గంతా ఆ విశ్రాంతిలోంచి వచ్చేదే. నువ్వు విడిగా ఎండగట్టక్కర్లేదు, ఇక్కడి చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. మధ్యలో జాలిపడి చెయ్యి అడ్డం పెట్టకుండా ఉంటే చాలు.

ఇంకోటి. మీ బేస్‌మెంటులో ఉప్పు బస్తా పోసే యంత్రం ఉంది కదా, నీళ్ళని మెత్తబరిచేది? ఆ నీళ్ళే పోశావా? అదీ సంగతి! అందులో సోడియం చేరుతుంది, కుండీ మట్టికి అది మంచిది కాదు. బయటి గోడకున్న కుళాయి సాధారణంగా ఆ యంత్రంలోంచి రాదు, ఆ నీళ్ళు పట్టుకో. చలికాలంలో నేనైతే బక్కెట్టుతో మంచు తెచ్చి ఇంట్లో కరగబెట్టి, గది వేడికి వచ్చాక పోస్తాను. పిల్లలు నవ్వుతారనుకో.

పోలేదులే, బతికే ఉంది. గోటితో ఇలా బెరడు గీకి చూడు, కింద పచ్చగా లేదూ? ఈ కొమ్మలన్నీ సగానికి కత్తిరించెయ్. మొగ్గ కొత్త చిగురుకే కదా పట్టేది. రాత్రిళ్ళు 50 దాటి, అంటే మన 10 డిగ్రీలు దాటి నిలకడగా ఉన్నాక బయటికి తియ్యి, జూన్ నెలాఖరుకి నీకు పూలు. ఇక్కడ జూన్‌లో పొద్దు గూకేది రాత్రి తొమ్మిదికి. మధ్యాహ్నం కోసిన మొగ్గలు గిన్నెలో పోసి ఉంచితే, మనం ఇదే కంచె దగ్గర వెలుతుర్లో కూర్చుని ఉండగానే విచ్చుకుంటాయి. సెప్టెంబరులో మళ్ళీ 50 కిందికి దిగబోతుందనగానే లోపలికి. ఫర్నేసు వెయ్యకముందే తేవాలి, తెచ్చేముందు నల్లి ఉందేమో చూసుకుని మరీ తేవాలి. కనకాంబరానికీ ఇదే లెక్క, అది ఇంకా చలిపిరికిది. దాని ఎండుకాయ మీద ఓ చుక్క నీళ్ళు వేసి చూడు, టప్పున పగిలి గింజలు ఎగిరి పడతాయి. మా మనవరాలికి అదే ఆట.

ఊరెళ్ళినప్పుడు మొక్క తెచ్చుకుంటానంటావేమో, ఆ పని మాత్రం చెయ్యకు. మట్టితో మొక్క రానివ్వరు. విత్తనాలకి కూడా కాగితాలు కావాలి. విమానాశ్రయంలో ఓ పిన్నిగారి పెట్టెలోంచి కరివేపాకు తీసి చెత్తడబ్బాలో పడేస్తుంటే ఆవిడ ముఖం చూడలేకపోయాను. ఇక్కడ దొరికే మల్లెల్లోనే మంచి రకాలున్నాయి. గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ అని అడుగు, ముద్దగా గులాబీలా పూస్తుంది, మన దొంతరమల్లె కుటుంబమే.

ఏయ్, అక్కడ కాలు పెట్టకు! మీ గోడ పక్కన ఎర్రటి మొనలు లేస్తున్నాయి చూశావా? కలుపనుకుని పీకేవు గనక, అవి పియొనీలు. మీకు ముందున్న ముసలావిడ పెట్టినవి, ఆవిడ ఈ ఇంట్లో ఉన్నంత కాలం వాటిని తవ్వింది లేదు. పియొనీ ఒకసారి కుదురుకుందంటే యాభై ఏళ్ళైనా అక్కడే ఉంటుంది. ఇక్కడి పల్లెల్లో ఇల్లు కూలిపోయి పునాది రాళ్ళే మిగిలిన చోట కూడా జూన్ రాగానే ఇది పూస్తుంది. దానికి చలి కావాలమ్మా. శీతాకాలం లేని ఊళ్ళో ఎంత ప్రేమగా పెంచినా మొగ్గ వెయ్యదు. మీ డాలస్‌లో దీన్ని పూయించాలంటే తల ప్రాణం తోకకి వస్తుంది, ఇక్కడేమో ఎరువూ అడక్కుండా పూస్తుంది. మనం మల్లె కోసం ఏడ్చే ఏడుపులో సగం దీని మీద పెడితే ఈ పేటంతా నందనవనమయ్యేది.

దానికున్న పట్టింపు ఒకటే, లోతు. దుంప మీద కళ్ళుంటాయి, ఎర్రగా, పసుపు కొమ్ము మొలకల్లా. అవి మట్టికి రెండంగుళాల కంటే కిందికి పోకూడదు. లోతుగా పాతితే ఏళ్ళ తరబడి ఆకులే తప్ప పువ్వుండదు. కొత్తది పెట్టాలంటే సెప్టెంబరులో పెట్టు. మొగ్గ మీద చీమలు పాకుతుంటే మందు కొట్టకు, మొగ్గ మీద ఊరే తేనె కోసం వస్తాయవి. చీమలు లేకపోతే పువ్వు విచ్చదని ఇక్కడివాళ్ళంటారు గానీ అది ఉత్తమాట. పూజకైతే మొగ్గ నొక్కితే మెత్తగా తగిలే అదనులో కోసి, కాగితం చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకో, రెండు వారాల పైనే ఆగుతాయి. ఒక్కటి పెడితే దేవుడి గూడు నిండిపోతుంది.

తులిప్‌లూ అంతే, నేలలో మూడు నెలలు చలి తింటేనే వాటికి పూత. అక్టోబరులో ఆరేడంగుళాల లోతున పాతెయ్యి. కాకపోతే ఇక్కడి కుందేళ్ళకి తులిప్ అంటే ప్రాణం. తలలు కొరికేస్తాయి. డాఫొడిల్ విషం కాబట్టి దాని జోలికి రావు. ఈ రెండిట్లో నీకేది కావాలో నువ్వే తేల్చుకో.

గులాబీ కావాలంటే కెనడావాళ్ళు తయారుచేసిన పొద రకాలు కొను, విలియం బాఫిన్ లాంటివి, వాటిని ఎవరూ పట్టించుకోకపోయినా బతుకుతాయి. లేదు, షాపులో చూసిన పొడుగు కాడ గులాబీయే కావాలంటే దానికి మిన్నెసోటా టిప్ అనే సేవ ఉంది. అక్టోబరులో కొమ్మలన్నీ చుట్టి తాడుతో కట్టి, పక్కనే గాడి తవ్వి, ఓ వైపు వేళ్ళు వదులుచేసి, మొక్క మొక్కనీ ఆ గాడిలో పడుకోబెట్టి మట్టి కప్పేస్తారు. ఆపైన ఆకులు. ఏప్రిల్లో మళ్ళీ లేపి నిలబెడతారు. మా ఎదురింటాయన ఏటా చేస్తాడు, నడుం పట్టుకుని తిట్టుకుంటూనే చేస్తాడు. నాకంత ఓపిక లేదు, ఉన్నా చెయ్యను.

ఇటు నా మూల చూడు, ఆ ఎండు పుల్లలు. చచ్చిందనుకుంటున్నావు కదూ? మందారం అది! చలికి తట్టుకునే జాతి మందారం. నేలదాకా ఎండిపోయి, అన్ని మొక్కలూ లేచాక జూన్ వస్తుండగా తీరిగ్గా మొలుస్తుంది. తొందరపడి పీకి పారేసినవాళ్ళు బోలెడంతమంది. ఆగస్టులో ఒక్కో పువ్వు అన్నం పళ్ళెమంత. దాని పక్కన లేస్తున్నది జిల్లేడుకి చుట్టం. మిల్క్‌వీడ్. మనూళ్ళో జిల్లేడు దారి పక్కన కొట్టి పారేస్తే, ఇక్కడ డబ్బిచ్చి కొని నాటుతాం. మోనార్క్ సీతాకోకచిలుక గుడ్డు పెట్టేది దీని మీదే మరి. అది ఈ రాష్ట్రపు సీతాకోకచిలుక కూడా. ఆ గింజకీ ముందు చలి తగలాలి. జనవరిలో ఖాళీ పాల డబ్బాని నడుం దగ్గర కోసి, అడుగున చిల్లులు పొడిచి, నాలుగంగుళాలు మట్టి పోసి, గింజలు చల్లి, టేపు చుట్టి, మూత తీసేసి బయట మంచులో వదిలేశా. దానంతటదే ఏప్రిల్లో మొలిచింది. నీళ్ళు పొయ్యలేదు, దీపం పెట్టలేదు.

ఆఁ, మీ బతుకమ్మ సంగతి. కరీంనగర్ పిల్లవి, తంగేడు లేకుండా ఎలా అని నువ్వడుగుతావని నాకు తెలుసు. తంగేడు ఇక్కడ బతకదు. దాని బదులు గోల్డెన్‌రాడ్ చూడు, ఆగస్టు, సెప్టెంబరుల్లో పసుపుపచ్చగా గుత్తులు గుత్తులుగా పూస్తుంది. దాని పుప్పొడికి తుమ్ములొస్తాయని అందరూ ఆడిపోసుకుంటారు. పాపం అది కాదు, అదే వేళకి పూసే రాగ్‌వీడ్ చేసే పని అది. స్టేట్ పార్కులో కొయ్యకు, అక్కడ పువ్వు ముట్టుకోకూడదు. నా వెనక వైపు బోలెడుంది, వచ్చి కోసుకో. గునుగు, సీతజడ, బొగడబంతి విత్తనాలు ఏప్రిల్లో ఇంట్లో నారు పోశాను, నీకు ఒక్కోటి అరడజను ఇస్తా. గుమ్మడి పాదు ఒకటి మాత్రం కావాలనే ఆలస్యంగా, జూన్ మధ్యలో పెట్టు. ముందే పెట్టింది సెప్టెంబరుకి బూడిద తెగులుతో ముసలిదైపోతుంది, అప్పుడు గౌరమ్మకి పువ్వెక్కణ్ణుంచి తెస్తావు? నువ్వు కొన్న ఈ పొడుగు బంతి కూడా పగళ్ళు పొడుగ్గా ఉన్నన్నాళ్ళు ఆకులే పెంచుతుంది, ఆగస్టులో పొద్దు తగ్గుతుంటే మొగ్గలు తొడుగుతుంది. కంగారుపడి ఎరువు వెయ్యకు. తొలి మంచు సాధారణంగా అక్టోబరు మొదట్లో. ఆ రాత్రికి పాత దుప్పటి కప్పు, ప్లాస్టిక్ వద్దు. ప్లాస్టిక్ తగిలినచోటల్లా ఆకు మాడుతుంది.

చామంతికి వచ్చేసరికి నీతో నాకో పేచీ ఉంది. మన ఊరి చామంతి ఇక్కడ మొగ్గ తొడిగేలోపే మంచుకి పోతుంది. అందుకే ఇక్కడి విశ్వవిద్యాలయంవాళ్ళు ఏళ్ళ తరబడి శ్రమపడి, మంచు రాకముందే పూసి, చలికి తట్టుకునే రకాలు తీశారు. నేను పెట్టినవి అవే. సెప్టెంబరులో షాపు ముందు గుట్టలుగా పెట్టి అమ్ముతారే, పూలతో నిండుగా, అవి కొనుక్కుంటే ఆ నెల అందానికే. అప్పుడు నాటితే వేరు దిగే వ్యవధి ఉండదు. చామంతిని వసంతంలోనే నాటాలి, పూలయ్యాక ఎండు కాడలు కొయ్యకుండా అలాగే చలికాలం గడవనివ్వాలి. ఇదంతా నేను చేస్తున్నా, ఈ కంచె పక్క వరస మాత్రం పోయినేడు మొగ్గ మీదే మంచులో పోయింది. అటుపక్క వరస శుభ్రంగా పూసింది. ఎందుకంటావు? చామంతి మొగ్గ వెయ్యాలంటే దానికి రాత్రి బాగా పొడుగ్గా, చీకటిగా ఉండాలి. నువ్వు పోయిన ఆగస్టులో దిగిన రోజునుంచి మీ గరాజు పక్క దీపం తెల్లార్లూ వెలుగుతోంది!

కోపం కాదమ్మా, నీకెలా తెలుస్తుంది? ఈసారి జూలై దాటాక రాత్రిళ్ళు ఆ దీపం ఆర్పించు, లేదా మనిషి కదిలితేనే వెలిగే రకం పెట్టించు. మీ ఆయన దొంగలని భయపడితే నేనొచ్చి మాట్లాడతా. పూసినవాటిలో సగం నీ బతుకమ్మకే.